బావ కంటి తెలుపు

మొన్న సూర్యాపేటలో టీవీ కొనడానికి వెళ్ళాను. షోరూం అతను బిల్లు కొట్టబోతూ ఆగి, "సార్, కాలిబ్రేషన్ గూడ రాయమంటరా? హైదరాబాద్ నుంచి మనిషొచ్చి రంగులన్నీ సరిచేసి పోతడు. తెలుపు తెలుపులెక్కనే కనబడ్తది" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. పక్కనున్న మా ఆవిడ మోచేత్తో పొడిచింది. తెలుపంటే ఏమిటో తేల్చడానికి ముహూర్తం పెట్టించి, వంటవాళ్ళను పిలిపించి, మిర్యాలగూడ మిల్లులవాళ్ళందరికీ భోజనాలు పెట్టిన మనిషి మా బావ. ఆయన పోయి ఏడాది కావస్తోంది. టీవీల మధ్య నిలబడి ఆయన కోసం ఏడిస్తే షోరూంవాళ్ళు ధర తగ్గించమని ఏడుస్తున్నాడనుకుంటారు. అందుకని బయటికొచ్చి కాసేపు రోడ్డు చూస్తూ నిలబడ్డాను.

మా బావ మిర్యాలగూడలో బియ్యం దళారి. మిర్యాలగూడలోనూ కోదాడలోనూ మిల్లుల్లో ఆడిన బియ్యాన్ని సూర్యాపేట వర్తకులకు కుదిర్చిపెట్టడం ఆయన పని. ఆయనకు మిల్లు లేదు, గోదాము లేదు, కాటా లేదు. ఉన్నదల్లా కన్ను. సాంపిల్ పొట్లం విప్పి, గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకుని, బొటనవేలితో ఒకసారి అటూ ఇటూ దొర్లించి, "ఫస్ట్ క్లాస్" అనేవాడు, లేకపోతే "రంగు తిరిగింది" అనేవాడు. ఆ మాటను బట్టి లారీ కదిలేది, లేదా మిల్లు ముందే ఆగిపోయేది. సూర్యాపేట వర్తకులు బియ్యం చూడకుండానే కొనేవాళ్ళు. "ఎట్ల జెప్తవన్నా గంత కచ్చితంగ?" అని ఎవరైనా అడిగితే, చూపుడువేలితో కింది రెప్పను లాగి, లోపలి ఎరుపంతా చూపించి, "ఇదున్నది గదా!" అనేవాడు. అన్నం ముందు కూర్చున్నప్పుడు చూడదగ్గ దృశ్యం కాదది. కానీ బియ్యం ప్రస్తావన అన్నం దగ్గరే వస్తుంది కాబట్టి మాకు ఎక్కువగా అప్పుడే ఆ దర్శనం దొరికేది.

లోకంలో ఉన్న తెల్లటివన్నీ ఆయన లెక్కలో బియ్యానికి చుట్టాలే. పాలు, చొక్కాలు, గోడలకు వేసే సున్నం, డాక్టరు కోటు, అన్నిటినీ ఒకే తీరుగా చూసేవాడు. ఎవరైనా కొత్త తెల్ల చొక్కా తొడుక్కొస్తే, "ఇది ఉప్పుడు బియ్యం రంగు, పసుపు తిరిగింది. నీకు మోసం జరిగింది" అని పలకరించేవాడు. పెళ్ళికి పోతే అక్షింతలు వధూవరుల మీద వెయ్యడానికి ముందు ఒక గింజ మీద పసుపు గీకి లోపల ఏ రకమో చూసేవాడు. నా పెళ్ళిచూపులకు పెద్దమనిషిగా ఆయన్నే తీసుకెళ్ళాం. అందరం పిల్లను చూస్తుంటే ఆయన విస్తట్లో అన్నం చూశాడు. తిరిగొచ్చేటప్పుడు జీపులో మా నాన్న ఆత్రంగా అడిగితే, "పిల్ల సంగతి నాకు తెల్వది మామా. బియ్యమైతే పాతయి, మంచిగ ఆరబెట్టినయి. ఇల్లు మంచిది, చేసుకోండ్రి" అన్నాడు. ఆ ఒక్క ముక్క మీద నా జీవితం కుదిరింది. మా ఆవిడకు ఈ విషయం తెలుసు. కోపమొచ్చినప్పుడల్లా, నన్ను కాదు మా ఇంటి బియ్యాన్ని చేసుకున్నావంటుంది.

మా అక్క ఆయన భార్య. మాది కోదాడ. మా మాటలో విజయవాడ రోడ్డు గాలి కాస్త ఉంటుంది, దాంతో బావకు పెళ్ళైన నాటినుంచీ అదొక వినోదం. "మీ కోదాడోళ్ళు సగం గీడ, సగం గాడ. ఏ దిక్కుకు సొంతం గారు" అని ఏడిపించేవాడు. అక్క పట్టించుకునేది కాదు. ఆమెకు ఎప్పుడూ వంటిల్లే ధ్యాస అని నేననుకునేవాణ్ణి. బావ సాంపిల్ విప్పిన సమయానికి ఆమె టీ గ్లాసుతో వచ్చి నిలబడేది. ఆయన బియ్యం దొర్లిస్తుంటే వంగి చూసి, "ఇవి అన్నానికి బావుంటయ్" అనేది, లేకపోతే "దోశెల పిండికి పనికొస్తయ్" అనేది. ఎదురుగా మిల్లు యజమాని కూర్చుని లారీ సరుకు గురించి ఊపిరి బిగబట్టుకుని ఉంటే, ఈమెకు దోశెల గోల. "ఏందక్కా, ఎప్పుడూ తిండి యావేనా?" అని నేను నవ్వేవాణ్ణి. ఆమె కూడా నవ్వి, ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయేది.

ఇట్లా ఉండగా కోదాడలో ఒక మిల్లు సేటు ఇంట్లో హోం థియేటర్ పెట్టించాడు. బావకూ ఆ సేటుకూ పాత కచ్చ ఉంది. ఒకసారి నలుగురి ముందర బావ, సేటు మిల్లులో ఆడిన పచ్చి బియ్యాన్ని అరచేతిలో పోసుకుని, "వీటికి ఉప్పుడు బియ్యంతోని చుట్టరికం ఎప్పుడు కలిసింది సేటూ?" అని అడిగాడట. సేటు ఆ మాట మర్చిపోలేదు. బావ కూడా మర్చిపోలేదు, వారానికొకసారి అందరికీ గుర్తుచేసేవాడు. అలాంటి సేటు ఇంట్లో గోడంత టీవీ, చెవులు పగిలే స్పీకర్లు ఉంటే బావకు నిద్రెలా పడుతుంది? మేడమీద పాత సామాను వేసే గదిని ఖాళీ చేయించి, గోడలకు నల్లటి దళసరి బట్ట కొట్టించి, వెనక్కి వాలే కుర్చీలు తెప్పించి, సేటు టీవీ కన్నా రెండు వేళ్ళు పెద్ద టీవీ పెట్టించాడు. రెండు వేళ్ళ సంగతి దుకాణంవాణ్ణి కోదాడ పంపి మరీ కనుక్కున్నాడు.

టీవీ వచ్చి పట్టుమని ఏడాది తిరక్కుండానే బావకు దానిమీద అనుమానం మొదలైంది. "తెలుపు సచ్చిపోయిందిరా దీంట్ల. సూడు, క్రికెట్ ఆడెటోళ్ళ బట్టలు గోధుమపిండి లెక్క లేవా?" అనేవాడు. మాకు బట్టలు బట్టల్లానే కనిపించేవి. దుకాణం మనిషి వచ్చి మీటలు నొక్కి వెలుగు పెంచాడు. ఆటగాళ్ళ మొహాలు బత్తాయిపండ్లలా తయారయ్యాయి గానీ బావకు తెలుపు రాలేదు. దుకాణం మనిషి మళ్ళీ వచ్చాడు, మళ్ళీ నొక్కాడు, చివరికి ఫోను ఎత్తడం మానేశాడు.

తెలుపు టీవీలో చావలేదని ఇంట్లో అందరికీ తెలుసు. బావ కళ్ళలో పొరలు కమ్ముతున్నాయి. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునేవాడు. పాలగ్లాసు ఎత్తి చూసి, "ఏందే, పసుపేసినవా?" అని అక్కను అడిగేవాడు. కంటి డాక్టరు దగ్గరికి పోదామంటే ఇల్లు పీకి పందిరేసేవాడు. "నా కన్ను బాగలేదని ఎవడన్నడు? పేరు చెప్పు" అనేవాడు. ఆయన కోపం వెనక ఏముందో నాకు అర్థమయ్యేది. దళారి కంట్లో పొర పడిందన్న మాట ఒక్కసారి మిల్లుల్లో పాకితే ఆ తర్వాత ఆయన మాటకు విలువుండదు. ఆయన పొట్ట ఆ కన్ను మీదే నడుస్తోంది. పొట్టకన్నా ముందు పరువు. ఇక కోదాడ సేటు ఎప్పుడు ఎదురైనా, "ఏమన్నా, కండ్లు మంచిగున్నయా?" అని పలకరించడం మొదలుపెట్టాడు. అందరూ పిల్లలు బాగున్నారా అని అడుగుతారు, సేటు కళ్ళు బాగున్నాయా అని అడిగేవాడు. బావ ఆ రోజంతా అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

అప్పుడే ఎవరో బావ చెవిన కాలిబ్రేషన్ అనే మాట వేశారు. హైదరాబాద్‌లో దీనికే చదువుకున్న మనుషులున్నారని, వాళ్ళ దగ్గర మిషన్ ఉంటుందని, టీవీలో తెలుపు ఎంతుండాలో అంతే ఉంచి పోతారని. బావ మొహం వెలిగిపోయింది. టీవీలోనే తప్పుందని మిషన్ చెప్తే ఇక ఆయన కంటి గురించి ఎవడు మాట్లాడతాడు? ఆ మిషన్ చెప్పేటప్పుడు నలుగురూ ఉండాలి కదా. అందుకని పంతులుగారిని అడిగి మంచిరోజు చూశాడు, మాంసం చెప్పాడు, మిల్లులవాళ్ళను పిలిచాడు. అందరికన్నా ముందు కోదాడ సేటును పిలిచాడు. నాకు ఫోన్ చేసి, "బామ్మర్దీ, సెలవు పెట్టు. మనింట్ల టీవీకి కాలిబ్రేషన్ ఫంక్షనున్నది" అన్నాడు. ఆఫీసులో సెలవు చీటీ మీద కారణం అనేచోట ఏం రాయాలో తెలియక, దగ్గరి బంధువుల ఇంట శుభకార్యం అని రాశాను.

కాలిబ్రేషన్ అతను నల్ల టీషర్టులో దిగాడు. లాప్‌టాప్, చిన్న కొబ్బరిచిప్పంత మీటరు, దాన్ని తెరకు ఆనించి వేలాడదీసే తాడు, ఇంతే అతని సరంజామా. మేడమీద గదిలో మిల్లు యజమానులు మెత్తటి కుర్చీల్లో వెనక్కి వాలి, కాళ్ళు పైకి లేపుకుని, గడ్డం గీయించుకోవడానికొచ్చినవాళ్ళలా వరసగా ఉన్నారు. ఇంతమంది ముందు పని చెయ్యడం అతనికి ఇదే మొదటిసారై ఉంటుంది. వచ్చినవాళ్ళు దీవించి పోతారా, కట్నాలు చదివిస్తారా అన్నట్టు అందరివైపూ బెరుగ్గా చూశాడు. తెర ముందు కొబ్బరికాయ, అగరుబత్తులు పట్టుకుని అక్క నిలబడి ఉండటం చూసి ఇంకా కంగారుపడ్డాడు.

"అమ్మా, తెర దగ్గర ఇవేవీ వద్దండీ. పొగ పడితే రీడింగ్ మారిపోతుంది."

"ముహూర్తం పెట్టుకున్నం నాయనా. బొట్టు పెట్టకుండ ఎట్ల?"

"వద్దమ్మా, దయచేసి" అని అతను దాదాపు చేతులు జోడించాడు. అక్క సరేనని పళ్ళెం పక్కన పెట్టింది. అక్క సరేనన్నదంటే మానుకున్నదని కాదు, తర్వాత చూద్దామని. ఆ సంగతి ఆ హైదరాబాద్ అబ్బాయికి ఎవరు చెప్పాలి?

అతను కిటికీలు మూయించి, టీవీని కాసేపు వేడెక్కనిచ్చి, తెరమీద తెల్లటి చతురస్రం పెట్టాడు. బావ లేచి జేబులోంచి పొట్లం తీశాడు. మొదటిరకం పచ్చి బియ్యం. గుప్పెడు తీసి తెర పక్కన పట్టుకున్నాడు.

"సూడు సార్. ఇది తెలుపు. ఈ టీవీల ఉన్నది ఉప్పుడు బియ్యం. దీన్ని దీనికి తేవాలె. గంతే పని."

"బియ్యంతో కాదు సార్, తెలుపుకి ఒక కొలత ఉంటుంది. మీ కంటికి నచ్చేది వేరు, అసలు తెలుపు వేరు."

"నా కంటికి ఆననిది అసలెట్లయితది?" అన్నాడు బావ. వెనక కుర్చీల్లో ఎవరో దగ్గారు. అది సేటు దగ్గని నాకు చూడకుండానే తెలిసింది.

అతను పాపం గొడవెందుకని తన పనిలో పడ్డాడు. కాసేపటికి తెరమీద తెలుపు మీదే కొంచెం తేడాగా ఉన్న తెల్లటి గీతలు వేసి, "సార్, ఇందులో మీకు ఎన్ని గీతలు కనిపిస్తున్నాయి? కుడివైపు చివరివి కూడా కనపడాలి" అన్నాడు. అది అతను ప్రతి ఇంట్లో అడిగే ప్రశ్నే కావచ్చు. ఆ గదిలో మాత్రం కుర్చీలన్నీ ఒక్కసారిగా నిటారుగా లేచాయి. వెనక్కి వాలిన మిల్లు యజమానులందరూ ముందుకు వంగారు. సేటు మెడ సాచి, "ఆఁ, చెప్పన్నా, ఎన్నున్నయి?" అన్నాడు తియ్యగా.

గీతలు నాకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. బావ తెరవైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆయన చేతిలోని బియ్యం గింజలు ఒకటొకటే కిందికి రాలుతున్నాయి. ఆయన్ను అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు. అంతలోనే గొంతు పెంచి, "పైసలిచ్చి నేనే పరీక్ష రాయాల్నా? గీతలు లెక్కబెట్టనీకే నువ్వున్నవ్ గదా!" అన్నాడు. సేటు వదిలేలా లేడు. "గది కాదన్నా, నీ కన్నంటే కన్ను గదా, జర చెప్పరాదు" అన్నాడు.

తలుపు భళ్ళున తెరుచుకుంది. గదిలోకి వెలుతురంతా వచ్చి పడింది, గీతలు మాయమయ్యాయి. అక్క గరిటెతో సహా గుమ్మంలో నిలబడి, "గీతలు యాడికి పోతయి? మాంసం చల్లారితే నేను మళ్ళా వేడిచెయ్యను. లేవండ్రి అందరు" అంది. మిర్యాలగూడలో మాంసం చల్లారుతుందంటే కూర్చుని ఉండే మిల్లు యజమాని ఇంకా పుట్టలేదు. గది క్షణంలో ఖాళీ అయింది. కాలిబ్రేషన్ అతన్ని కూడా రెక్క పట్టుకుని కిందికి దించాం.

మేం తింటున్నంతసేపూ అక్క కనిపించలేదు. పైకెళ్ళి, తలుపేసుకుని, పెట్టుకున్న ముహూర్తం దాటిపోకముందే తెరకు నడిమధ్యలో ఇంత పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, దండం పెట్టుకుంది. తర్వాత ఆ సారుకు కోపమొస్తుందని గుర్తొచ్చి కొంగుతో తుడిచింది. కుంకుమ పోయింది. పసుపు సంగతి ఆడవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

భోజనమయ్యాక అతను మళ్ళీ చీకటి చేసుకుని, మీటరును సరిగ్గా తెర నడిమధ్యలో వేలాడదీశాడు. లాప్‌టాప్ చూసుకుని నుదురు చిట్లించాడు. "పొద్దున చూసినప్పుడు పర్లేదే, ఇప్పుడేంటి ఇంత పసుపు చూపిస్తోంది?" అని గొణుక్కున్నాడు. బావ కుర్చీలోంచి ఎగిరినంత పని చేశాడు. "నేను సెప్పలే? నేను సెప్పలే? మిషన్ గూడ అదే అంటున్నది! ఇన్నవా సేటూ?" సేటు మొహం మాడిపోయింది. అతను పసుపు తగ్గించడానికి నీలం పెంచాడు. పెంచాడు, ఇంకా పెంచాడు, మీటరు సంతృప్తి పడేదాకా పెంచుతూ పోయాడు. చివరికి మీటరు తీసి పక్కకు జరిగాడు.

తెర నీలంగా ఉంది. నీలిమందు ఎక్కువైన పంచెలా ఉంది. అతను చేతిలోని మీటరు తిప్పి చూశాడు, దాని అంచున పసుపు. తెర నడిమధ్య వేలితో రుద్దాడు, వేలికీ పసుపు. అతని మొహంలో నెత్తురు లేదు. నోరు తెరవబోతుండగా బావ తెర ముందుకొచ్చి నిలబడ్డాడు. గుప్పెట్లో బియ్యం ఎత్తి పట్టుకున్నాడు. ఆయన కళ్ళలోని పసుపుకూ తెరమీది నీలానికీ లెక్క సరిపోయినట్టుంది.

"ఇది!" అన్నాడు. "ఇదిరా తెలుపంటే. ఎన్ని దినాలాయె సూడక!"

సేటు మెల్లిగా లేచి తెర దగ్గరికొచ్చాడు. ఆయన పెదవుల మీదికి ఒక నవ్వు వస్తోంది. ఎన్నాళ్ళనుంచో దాచుకున్న నవ్వది. "అన్నా, ఇది తెలుపా? నాకైతే..."

"మీకు నీలంగా కనబడ్తుందా అన్నా?" అంది అక్క గుమ్మంలోంచి. ఆమె గొంతులో ఎంత జాలి ఉందో చెప్పలేను. "అయ్యో. కంట్లో పొర మొదలైనోళ్ళకు ఈ తెలుపు నీలంగా కనబడుతదంట. పొద్దున ఈ సారే చెప్పిండు. అవునా సార్?"

సారు నోరు తెరుచుకుని అలాగే ఉన్నాడు. అక్క అతనివైపు చూసిన చూపు నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు అమ్మకు నామీద చెప్పబోయేవాళ్ళ వైపు అలానే చూసేది. "అంటే... కొందరికి... అలా కూడా..." అన్నాడు ఆ పిచ్చి మహారాజు.

ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ కంటితో బతికేవాళ్ళే. సేటు నవ్వు పెదవుల దాకా వచ్చి, అక్కడే ఆలోచించుకుని, వెనక్కి పోయింది. "నీలమని ఎవడన్నడు చెల్లె? నాకైతే మస్తు తెల్లగున్నదని అనబోతున్న" అన్నాడు. ఆ వెంటనే మిగతావాళ్ళందరూ ఒకరిమీదొకరు పడి తెలుపును పొగిడారు. ఒకాయన పాలలాగా అన్నాడు. ఇంకొకాయన మల్లెపువ్వన్నాడు. నేను ప్రభుత్వోద్యోగిని, నా కంటితో ఎవరికీ పనిలేదు, అయినా "తెల్లగా ఉంది బావా" అన్నాను.

కాలిబ్రేషన్ అతను వెళ్ళిపోతూ వాకిట్లో అక్క దగ్గర ఆగాడు. "అమ్మా, మళ్ళీ వచ్చి సరిచేస్తాను. కానీ ముందు సార్‌ని కంటి డాక్టరుకి చూపించండి" అన్నాడు నెమ్మదిగా.

"తెలుసు నాయనా" అంది అక్క. "టీవీని మాత్రం ఇప్పుడప్పుడే ముట్టుకోకు."

ఆ తర్వాత చాలా రోజులు బావ అంతకుముందెన్నడూ లేనంత సంతోషంగా ఉన్నాడు. ఇంటికొచ్చిన ప్రతివాణ్ణీ మేడెక్కించి తెలుపు చూపించేవాడు. వార్తలు చదివే అమ్మాయి చలికి బిగుసుకుపోయినట్టు నీలంగా కనిపించేది. వచ్చినవాళ్ళు బావ మొహం చూసి, అక్క చెప్పిన పొర కథ ఊరంతా పాకి ఉండటంవల్ల, బ్రహ్మాండమనేవాళ్ళు. సేటు కళ్ళ గురించి అడగడం మానేశాడు. పైగా రహస్యంగా వెళ్ళి తన కళ్ళు పరీక్ష చేయించుకున్నాడని కోదాడలో మా వాళ్ళు చెప్పారు.

కానీ బావ చూపు రోజురోజుకీ తగ్గుతూనే ఉంది. ఒకరోజు అక్క, "నాకు కళ్ళు మసకబారుతున్నయ్యా. ఒక్కదాన్నే పోవాలంటే భయం, హైదరాబాద్ దాకా తోడు రా" అని ఏడుపు మొహం పెట్టింది. పెళ్ళాం కళ్ళకు తోడెళ్ళిన పెద్దమనిషిని, వచ్చారుగా మీరూ ఒకసారి కూర్చోండి అని డాక్టరు పక్కన కూర్చోబెట్టాడు. ఆ డాక్టరుతో అక్క ముందే మాట్లాడి ఉంటుందని నా అనుమానం. ఒకటి తర్వాత ఒకటి రెండు కళ్ళకూ ఆపరేషన్ చేయించుకునే వచ్చాడు. మిర్యాలగూడలో మాత్రం అక్కకు కళ్ళ జబ్బని చెప్పారు. ఎవరికీ అనుమానం రాకుండా అక్క కూడా నల్లద్దాలు పెట్టుకుంది. ఇద్దరూ నల్లద్దాలతో వరండాలో కూర్చుంటే పోలీసులు వెతుకుతున్నవాళ్ళలా ఉండేవారు.

అద్దాలు తీసేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. బావ ఇల్లంతా తిరిగాడు. గోడలు చూశాడు, పాలగ్లాసు చూశాడు, అక్క తలలో వచ్చిన తెల్లవెంట్రుకలు చూసి, "ఏందే, గిన్నున్నయా!" అన్నాడు. తర్వాత మేడెక్కాడు. మేమిద్దరం వెనకాలే ఎక్కాం. టీవీ వేశాడు.

చాలాసేపు నిలబడి చూశాడు. కోప్పడతాడనుకున్నాను. హైదరాబాద్ అతన్ని బూతులు తిడతాడనుకున్నాను. మెల్లిగా కుర్చీలో కూలబడ్డాడు.

"ఇది నీలం గదనే" అన్నాడు.

"నీలమే" అంది అక్క.

"అందరు తెలుపన్నరు?"

"నువ్వన్నవ్ కదా. అందుకే అన్నరు."

బావ తన అరచేయి తెరిచి చూసుకున్నాడు. ఖాళీ చెయ్యే. బొటనవేలు మాత్రం అలవాటుగా అటూ ఇటూ కదిలింది. ఆయన ఏం లెక్కపెడుతున్నాడో నాకు తెలిసింది. కళ్ళు మసకబారాక ఆయన చెప్పిన మాటమీద ఎన్ని లారీలు కదిలాయి, ఎంతమంది వర్తకులు చూడకుండా కొన్నారు. ఆయన మొహం పాలిపోయింది. తల ఎత్తకుండానే అడిగాడు.

"మరి బియ్యం?"

"బియ్యం నేను చూసుకున్నాలే" అంది అక్క. ఏదో పొయ్యిమీద పాలు చూసుకున్నానన్నంత మామూలుగా అంది.

అన్నానికి, దోశెల పిండికి. నాకు ఒక్కసారిగా ఆ టీ గ్లాసులన్నీ కళ్ళముందు తిరిగాయి. ఆమె అన్నానికి అన్నప్పుడల్లా ఆయన ఫస్ట్ క్లాస్ అన్నాడు. ఆమె దోశెలకన్నప్పుడల్లా ఆయన రంగు తిరిగిందన్నాడు. ఆయనకూ ఎక్కడో లోపల తెలిసే ఉంటుంది. తెలిసినట్టు ఒప్పుకోవాల్సిన అవసరం రాకుండా ఆమె చూసింది. మా బావ ఏడవడం అదొక్కసారే చూశాను. నీలం వెలుతురులో కన్నీళ్ళు సరిగా కనపడవులే అనుకుని ఉంటాడు. కనపడ్డాయి.

టీవీని ఆయన సరిచేయించలేదు. కోదాడ సేటు వచ్చిన ప్రతిసారీ మేడెక్కించి, "ఎట్లున్నది సేటూ తెలుపు?" అని అడిగి, "మస్తుగున్నదన్నా" అని అతని నోటితో చెప్పించుకోవడంలో ఆయనకున్న ఆనందం ముందు రంగులెంత?

ఒకసారి అలా పైకెళ్ళి కిందికి దిగాక సేటు తన మిల్లు సాంపిల్ తీశాడు. అప్పటికి బావ కళ్ళు కొత్తకళ్ళు, గుండుసూది రాలినా కనిపించేవి. పొట్లం విప్పాడు గానీ తన అరచేతిలో పోసుకోలేదు. టీ గ్లాసుతో వచ్చిన అక్క చేతిలోంచి గ్లాసు తీసుకుని, ఆ చేతిలో బియ్యం పోశాడు. సేటు బిత్తరపోయాడు.

"ఇదేందన్నా, చెల్లె చెప్తదా?"

బావ అలవాటు ప్రకారం చూపుడువేలు పైకెత్తాడు. రెప్ప లాగుతాడనుకుని నేను టిఫిను పళ్ళెం పక్కకు తిప్పుకున్నాను. వేలు ఆయన కంటిదాకా పోలేదు, అక్కవైపు తిరిగింది.

"ఇదున్నది గదా!" అన్నాడు. ఆ వెంటనే పరువు గుర్తొచ్చి, "నేనే తయారు జేసిన. మస్తు తిప్పలు పెట్టింది నేర్వనీకె" అని చేర్చాడు.

అక్క ఆయనవైపు చూడలేదు, నవ్వలేదు. వెలుతురులోకి తిరిగి, బొటనవేలితో గింజల్ని ఒకసారి అటూ ఇటూ దొర్లించింది.

"దోశెల పిండికి పనికొస్తయన్నా" అంది సేటుతో.